ఒహాయోలో హంగేరీ: హెలెన్ పౌరసత్వం కోసం క్లీవ్‌లాండ్ ప్రయాణం

ఈ ప్రయాణం ఎందుకు రాసిపెట్టాలంటే

నేను హంగేరీ వెళ్ళొచ్చానని, వాషింగ్టన్ పక్కనున్న మా హెర్న్‌డన్ తెలుగువాళ్ళలో సగంమంది నమ్ముతున్నారు. మొన్న ఒక గృహప్రవేశంలో ఒకావిడ నన్ను పక్కకి పిలిచి, "అనసూయగారూ, బుడాపెస్ట్‌లో వెజ్ ఫుడ్ దొరుకుతుందా? సమ్మర్‌కి టికెట్స్ బుక్ చేద్దామనుకుంటున్నాం" అని అడిగింది. నేను వెళ్ళింది ఒహాయో. విమానం కూడా ఎక్కలేదు. కానీ అక్కడ హంగేరీ అన్నం తిన్నాను, హంగేరీ చట్టం పనిచేస్తుంటే కళ్ళారా చూశాను. కాబట్టి ఆ వదంతిని పూర్తిగా కొట్టిపారేయలేను. ఇంకా పెరిగి పెద్దదవకముందే జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. నేను ఇంటర్మీడియట్‌తో చదువు ఆపేసినదాన్ని. మావారి ఉద్యోగంతో పాటు అమెరికా వచ్చి, పనిచేసే వీసా లేక ఇంట్లో కూర్చున్న ఏళ్ళన్నీ మా ఊరి లైబ్రరీలో గడిపాను. మన రాజ్యాంగం ఎలా పుట్టిందో తెలుసుకుందామని మొదలుపెట్టి, అక్కడినుంచి ఇంగ్లండు మాగ్నాకార్టాకి వెళ్ళాను. ఆ పుస్తకంలో ఒక పేజీ అడుగున చిన్న అక్షరాల్లో, అది వచ్చిన ఏడేళ్ళకే హంగేరీ రాజు కూడా అలాంటి శాసనం ఇచ్చాడని ఉంది. ఇంగ్లీషులో దాని పేరు గోల్డెన్ బుల్. బంగారు ఎద్దు అనుకుని, రాజుగారు ప్రజలకి నందిని దానం చేశాడేమోనని తరవాతి పేజీ తిప్పాను. బుల్ అంటే ముద్ర అని, శాసనానికి బంగారు ముద్ర వేలాడదీశారని తెలిసేసరికి సాయంత్రమైంది. ఆ ముద్రే నన్ను పట్టుకుంది. నాకు తెలిసినంతలో ఈ దేశం న్యాయచరిత్ర గురించి తెలుగులో చదువుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. నేను రాసేది కొంచెమే అయినా ఉంటుంది.

ఇక హెలెన్. మాకూ ఆమెకీ మధ్య ఒక గోడే అడ్డం. జీవితమంతా స్కూల్ బస్సు నడిపి రిటైరైంది. ఆమె నాయనమ్మ పుట్టింది డాన్యూబ్ నది ఉత్తరపు ఒడ్డున కొమారోమ్ అనే ఊళ్ళో. అప్పుడది హంగేరీ. ఆవిడ చిన్నపిల్లగా క్లీవ్‌లాండ్ వచ్చేశాక మొదటి ప్రపంచయుద్ధం ముగిసింది, సంధి కుదిరింది, నదే సరిహద్దయింది. దక్షిణపు ఒడ్డు హంగేరీలోనే మిగిలింది. ఉత్తరపు ఒడ్డు కొత్తగా ఏర్పడ్డ చెకోస్లోవాకియాకి పోయింది. అప్పటినుంచి ఆవిడ కాగితాలన్నిటి మీదా పుట్టిన దేశం చెకోస్లోవాకియా అనే రాశారు. "నేను ఆ దేశంలో ఒక్క రాత్రి కూడా పడుకోలేదు" అని ఆవిడ పోయేదాకా గొణుగుతూనే ఉందట.

ఇది హెలెన్ చెప్పినప్పుడు ఆమె ఊహించినంత ఆశ్చర్యపోలేదు నేను. మాది కూనవరం, శబరి గోదావరిలో కలిసేచోటు. మా తాతగారి చిన్నప్పుడు అది మద్రాసు రాష్ట్రం, తూర్పుగోదావరి. నా చిన్నప్పుడు ఖమ్మం జిల్లా. రాష్ట్రం రెండయినప్పుడు మళ్ళీ తూర్పుగోదావరికి తిప్పారు. తరవాత ఇంకో కొత్త జిల్లా. మా ఇల్లు మాత్రం అరుగుతో సహా అక్కడే ఉంది.

ఇప్పుడు హంగేరీలో ఒక చట్టం ఉంది. పాత హంగేరీ పౌరుల వారసులు ఎక్కడున్నా, ఏ దేశస్థులైనా, హంగేరియన్ మాట్లాడగలిగితే పౌరసత్వం అడగొచ్చు. పరీక్ష పేపరు ఉండదు. కాన్సులేట్ అధికారి ఎదురుగా కూర్చుని మాట్లాడిస్తారు, అంతే. ఈ ప్రయాణానికి ముందు ఏడాది హెలెన్ వాషింగ్టన్‌లో ఆ కుర్చీలో కూర్చుని, "ఎలా ఉన్నారు?" అన్న ప్రశ్నకే బిగుసుకుపోయింది. భాష ఇంకొంచెం నేర్చుకుని రండి అని మర్యాదగా పంపించేశారు.

"ఇంకొక్కసారి వెళ్తాను. ఈసారి కూడా కాకపోతే వదిలేస్తాను అనా" అంది నాతో. నన్ను అనా అనే పిలుస్తుంది. "ఈ వయసులో ఏటేటా ఫెయిలవడం నావల్ల కాదు."

వాషింగ్టన్‌లోని ఆ గదికి మళ్ళీ వెళ్ళనంది. కాన్సులేట్ వాళ్ళు అప్పుడప్పుడు క్లీవ్‌లాండ్ వచ్చి అక్కడి హంగేరియన్ల హాల్లో దరఖాస్తులు తీసుకుంటారని తెలిసి, నాయనమ్మ బతికిన ఊళ్ళోనే అడుగుతానంది. అక్టోబరులో బయలుదేరాం.

కొండల దారి: తోకల పాఠం

డ్రైవింగ్ హెలెన్‌ది, పాఠం నాది. హంగేరియన్ నాకు వచ్చని చెప్పను గానీ లైబ్రరీలో దొరికిన మూడు వ్యాకరణాలూ నమిలేశాను. తెలుగువాళ్ళకి అది చుట్టాల భాషలా అనిపిస్తుంది. ఇంగ్లీషులో 'లో', 'కి', 'నుంచి' లాంటివి మాటకి ముందు నడుస్తాయి. మనకీ హంగేరియన్లకీ అవి వెనక తోకల్లా అతుక్కుంటాయి. హాజ్ అంటే ఇల్లు, హాజ్‌బన్ అంటే ఇంట్లో. మన తోకలు 'ఇంటికి, చెట్టుకు' అని ముందున్న అచ్చుని బట్టి రంగు మార్చుకున్నట్టే, వాళ్ళ 'బన్' కూడా కొన్ని మాటల దగ్గర 'బెన్' అవుతుంది.

హెలెన్‌కి ఇది ఎన్ని నెలలు చెప్పినా తలకెక్కలేదు. ఒకరోజు నేను మా అబ్బాయితో ఫోన్‌లో, "ఆఫీస్‌లో ఉన్నావా, కార్‌లో ఉన్నావా? లంచ్ ఫ్రిజ్‌లో పెట్టేశావా?" అంటుంటే ఆమె వంటగదిలో నుంచి పరుగెత్తుకొచ్చింది. "అర్థమైంది! ఆఫీస్, కార్, ఫ్రిజ్ నాకు తెలుసు. 'లో' అంటే తోక!" అని అరిచింది. మనం ఇంగ్లీషు మాటలకి తెలుగు తోకలు తగిలిస్తామని పెద్దలు తిడతారే, ఆ అలవాటే ఒక అమెరికన్‌కి హంగేరియన్ నేర్పింది.

కారులో బంగారు ముద్ర శాసనం కూడా చెప్పాను. రాజు ఈ మాట తప్పితే ప్రభువులు ఎదురు తిరగొచ్చు, అది రాజద్రోహం కాదు అని శాసనంలోనే రాసిచ్చాడు ఆ రాజు. ఇంగ్లండులో అలాంటి మాట తొందరగానే చెరిగిపోయింది గానీ, హంగేరీలో నాలుగు వందల ఏళ్ళకు పైగా నిలిచింది.

హెలెన్ అద్దంలో వెనక సీట్ల వైపు చూసింది. "స్కూల్ బస్సులో గనక ఆ కాగితం పెట్టి ఉంటే నేను మొదటి రోజే చచ్చేదాన్ని" అంది.

పశ్చిమ పెన్సిల్వేనియాలో ఆకులన్నీ కుంకుమ, పసుపు రంగుల్లోకి తిరిగి ఉన్నాయి. ఆమె వాటిని చూస్తూ 'అడవిలో', 'కొండలో', 'బస్సులో' అని హంగేరియన్‌లో అప్పజెబుతూ పిట్స్‌బర్గ్ దాకా నడిపింది. మధ్యలో నేను దారి చెప్పడం మరిచిపోయి ఒక ఎగ్జిట్ దాటించేశాను. ఒక పాలకేంద్రం ఆవరణలో తేలాం. అక్కడి పెద్దమనిషి మమ్మల్ని చూసి ఏమీ అడక్కుండా, "పిట్స్‌బర్గ్ అటు" అని చెయ్యి చూపించాడు. రోజుకొకరైనా అలా వస్తారనుకుంటాను.

పిట్స్‌బర్గ్: హంగ్రీ ఆంటీ

పిట్స్‌బర్గ్ పక్కన కొండమీద వెంకన్న గుడి ఉంది. దర్శనమయ్యాక కింద కాంటీన్‌లో కూర్చున్నాం. పులిహోర, దద్దోజనం అయిదేసి డాలర్లు. వడ్డించే చోట శ్యామలగారని వరంగల్ ఆవిడ, ఆవిడ మనవరాలు ఉన్నారు.

"యాడికి పోతున్నరు అమ్మా?" అని శ్యామలగారు అడిగారు.

"క్లీవ్‌లాండ్ అండీ. ఈవిడ హంగేరియన్. ఆ పనిమీదే."

ఆ పిల్ల అమెరికాలో పుట్టిన తెలుగుతో కేక పెట్టింది. "అమ్మమ్మా, ఈ ఆంటీ వెరీ హంగ్రీ అంట! ఇంకా పులిహోర కావాలి!"

"ఆకలైతె ఆకలని చెప్పొచ్చు గద, దానికి సిగ్గెందుకు?" అంటూ శ్యామలగారు హెలెన్ ప్లేటులో కొండలా వడ్డించారు. నేను హంగేరీ అనేది దేశమని వివరించబోయాను. హెలెన్ నన్ను ఆపింది. "ఉండనీ. రెండూ నిజమే" అంది. ప్లేటు ఖాళీ చేసి, జీడిపప్పులు ఏరుకుని తిని, నిమ్మకాయ వెయ్యకుండా ఈ పులుపు ఎక్కడినుంచి వచ్చిందని శ్యామలగారిని అడిగింది. చింతపండు చూపించారు. మేం వెళ్తుంటే ఒక ముద్ద కవర్లో చుట్టి ఇచ్చారు.

ఆ రాత్రి మోటెల్‌లో నాకు గోడ అవతలినుంచి, కాదు, పక్క మంచం మీదనుంచి గొణుగుడు వినపడింది. హెలెన్ నిద్రలో కాదు, మేలుకునే, 'ఎలా ఉన్నారు'కి జవాబు వల్లిస్తోంది. లైటు వేయలేదు నేను.

క్లీవ్‌లాండ్: ఎర్జీ నేని భోజనం

క్లీవ్‌లాండ్‌లో మాకు ఆతిథ్యం ఇచ్చేది ఎర్జీ నేని అని హెలెన్ చెప్పినప్పుడు నేను కృష్ణాజిల్లా ఇంటిపేరనుకున్నాను. మన వైపు ఎన్ని 'నేని'లు లేరు! అమెరికా వచ్చి హంగేరియన్‌ని పెళ్ళాడిన ఎవరో తెలుగావిడ అయి ఉంటుందని గోంగూర పచ్చడి సీసా కూడా పట్టుకెళ్ళాను. తలుపు తీసింది ఎనభై దాటిన తెల్లావిడ. నేని అంటే హంగేరియన్‌లో ఆంటీ. మన పిల్లల్లాగే వాళ్ళ పిల్లలు కూడా చుట్టరికం లేకపోయినా పెద్దవాళ్ళని నేని అని, మగవాళ్ళని బాచీ అని పిలుస్తారు. నా పొరపాటు చెప్పగానే ఆవిడ సోఫాలో కూలబడి నవ్వింది. తరవాత రెండు రోజులు ఫోన్‌లో అందరికీ అదే చెప్పింది.

ఎర్జీ నేని, పందొమ్మిదివందల యాభై ఆరులో హంగేరీలో కమ్యూనిస్టుల మీద వచ్చిన తిరుగుబాటుని అణిచేశాక, తల్లితో కలిసి సరిహద్దు దాటి వచ్చిన పిల్ల. ఇక్కడ హెలెన్ నాయనమ్మ దగ్గర కుట్టుపని నేర్చుకుంది. మాకు ఎర్రకారం, మీగడ పెరుగు వేసిన కోడికూర, పిండి ఉండలు పెట్టింది. కారం చూడ్డానికి మన కారమే. నాలుక మీద మాత్రం తియ్యగా ఉంది. మా గుంటూరు మిరపకాయ ముందు ఇదెంత అని నేను కాస్త గొప్పలు పోయాను. ఆవిడ మాట్లాడకుండా గిన్నెలో గుండ్రటి ఊరుమిరపకాయ ఒకటి నా ముందు పెట్టింది. కొరికాను. వెక్కిళ్ళు.

"ఆ ఊరు ఎక్కడుందన్నావు?" అంది ఎర్జీ నేని, మంచినీళ్ళు అందిస్తూ.

గోంగూర మాత్రం ఆవిడ చెంచాతో జామ్ తిన్నట్టు తినేసింది.

భోజనాల తరవాత ఆ ఇంటి కిరీటం కథ విన్నాను. పుస్తకాల్లో నేను చదివింది ఇది: హంగేరీ న్యాయంలో రాజు కంటే కిరీటం గొప్పది. దేశం కిరీటానిది, రాజు దానికి సేవకుడు, ప్రభువులు దాని అంగాలు. ఇది మనకి కొత్త కాదు. మన కోర్టుల్లో దేవుడు చట్టరీత్యా ఒక వ్యక్తి. పొలం ఆయన పేరు మీద ఉంటుంది, దావా ఆయన పేరు మీద నడుస్తుంది. మా వైపు అయితే రాష్ట్రం విడిపోయాక రాముడు ఒక రాష్ట్రంలో, ఆయన పొలాలు కొన్ని ఇంకో రాష్ట్రంలో మిగిలాయి.

రెండో ప్రపంచయుద్ధం చివర ఆ కిరీటం అమెరికా సైన్యం చేతికి వచ్చింది. చివరికి కెంటకీలోని ఫోర్ట్ నాక్స్‌లో బంగారం పక్కన పాతికేళ్ళు దాచారు. డెబ్భై ఎనిమిదిలో తిరిగిచ్చేశారు. అప్పుడు హంగేరీలో కమ్యూనిస్టు ప్రభుత్వం.

"మా ఆయన ఇవ్వొద్దన్నాడు" అంది ఎర్జీ నేని. "నేను ఇవ్వాలన్నాను. కిరీటం మనిషి లాంటిదైతే, మనిషిని ఖజానాలో బంధించి 'జాగ్రత్తగా చూసుకుంటున్నాం' అంటే ఒప్పుకుంటావా అన్నాను. దాన్ని పంపించే చోటే జైలు కదా అన్నాడాయన. ఆ చలికాలమంతా నాతో మాట్లాడలేదు. ఉప్పు కావాలంటే కుక్కకి చెప్పేవాడు."

"కుక్క ఏం చేసేది?" అన్నాను.

"పాపం, నావైపు చూసేది. నేను ఉప్పు ఇచ్చేదాన్ని."

"ఎవరిది రైటు?" అని హెలెన్ అడిగింది.

ఎర్జీ నేని భుజాలెగరేసింది. "తరవాత పదకొండేళ్ళకి ఆ ప్రభుత్వమే పోయింది. కిరీటం ఉంది. ఆయన మాత్రం, తన ప్రార్థనల వల్లే ప్రభుత్వం పోయిందన్నాడు కానీ ఓడిపోయానని అనలేదు." ఆమె హెలెన్ చెయ్యి పట్టుకుంది. "నీ నాయనమ్మ నా వైపే. ఇంటికి పోవాల్సింది ఇంటికి పోవాలి అనేది."

హెలెన్ లేచి అందరి ప్లేట్లూ తీసి కడిగింది.

హాలు: లో అంటే

హాలు చర్చి పక్కన ఉంది. ఒకవైపు వంటగది, ఒకవైపు వేదిక. వేదిక కింద బల్ల వేసుకుని కాన్సులేట్ నుంచి వచ్చిన అమ్మాయి కూర్చుంది. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఇవతల ఆడవాళ్ళు లాంగోష్ వేయిస్తున్నారు. అది మన భటూరా అంత పూరీ. వెల్లుల్లి రాసి, పుల్లటి మీగడ, చీజ్ వేసి ఎనిమిది డాలర్లకి అమ్ముతున్నారు. నేను ఒకటి తిన్నాను. హెలెన్ ముట్టుకోలేదు.

ఆమె పేరు పిలిచారు. నేను వెనక కుర్చీలో కూర్చోవచ్చన్నారు గానీ నోరు విప్పకూడదన్నారు. నా జీవితంలో అంత కష్టమైన షరతు ఎవరూ పెట్టలేదు.

"ఎలా ఉన్నారు?" అంది ఆ అమ్మాయి హంగేరియన్‌లో.

"బాగున్నాను, థాంక్స్. మీరెలా ఉన్నారు?" వాషింగ్టన్‌లో రాని జవాబు చక్కగా వచ్చింది. నేను ఊపిరి వదిలాను.

"ఎక్కడ ఉంటారు?"

హెలెన్ ఎంతో ధీమాగా, వాక్యం మొత్తం ఒక్క ఊపున చెప్పింది. "హెర్న్‌డన్‌లో లకొమ్."

లకొమ్ అంటే నివసిస్తున్నాను. కానీ ముందున్న తోక హంగేరియన్ తోక కాదు. నా తోక. ఆఫీస్‌లో, కార్‌లో, ఫ్రిజ్‌లో. హెర్న్‌డన్‌బన్ అనాల్సింది.

ఆ అమ్మాయి కలం ఆగింది. "లో?" అంది.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. మూడు వ్యాకరణాలు నమిలినదాన్ని, ఈ ఒక్క ముక్క ముందు తట్టలేదు. హంగేరియన్‌లో లో అంటే గుర్రం.

హెలెన్ ఏమందంటే, 'హెర్న్‌డన్ గుర్రం, నివసిస్తున్నాను.'

వంటగది వైపునుంచి ఎవరో కిసుక్కుమన్నారు. హెలెన్ మెడ వెనక ఎర్రబడటం నాకు కనిపించింది. భుజాలు పైకి లేచి అలాగే ఉండిపోయాయి. వాషింగ్టన్‌లోనూ ఇలాగే బిగుసుకుపోయి ఉంటుంది. నూనెలో లాంగోష్‌లు వేగుతూనే ఉన్నాయి. తప్పు నాది, అది నేను నేర్పిన తోక అని అరవాలనుంది. రెండు చేతులతో నోరు మూసుకున్నాను.

హెలెన్ భుజాలు మెల్లగా కిందికి దిగాయి.

"నించ్ లొవమ్" అంది. నాకు గుర్రం లేదు. కొంచెం ఆగింది. "బుసొమ్ వొల్ట్." నాకు బస్సు ఉండేది. ఇంకొంచెం ఆలోచించి ముగించింది. "షార్గ." పసుపుపచ్చది.

ఆ అమ్మాయి కలం పక్కన పెట్టేసి నవ్వింది. వేళాకోళపు నవ్వు కాదు, జవాబు విన్న నవ్వు. పసుపు బస్సులో ఎవరుండేవారని అడిగింది. పిల్లలు అంది హెలెన్. మంచి పిల్లలా? "కొందరు." మంచు పడితే? "మెల్లగా, మెల్లగా. దేవుడా, దేవుడా." అన్నీ ముక్కలే, సగం తోకలు తప్పే. కానీ అడిగినదానికి బదులు చెబుతోంది, చెప్పినదానికి మళ్ళీ అడుగుతున్నారు. వంటగదిలో చప్పుడు ఆగిపోయింది. చేతులకి పిండితో ఆడవాళ్ళు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

చివరగా ఆ అమ్మాయి, ఈ పౌరసత్వం ఎందుకు కావాలి అని అడిగింది.

దీనికి నేను కారులో పెద్ద జవాబు తయారుచేసి ఇచ్చాను. అందులో సంధి ఉంది, చట్టం ఉంది, కిరీటం కూడా ఉంది. హెలెన్ అదంతా పక్కన పెట్టేసింది. తనకొచ్చిన మాటలతోనే చెప్పింది: "నాయనమ్మ అంది, నేను హంగేరియన్. కాగితం అంది, కాదు."

ఆ అమ్మాయి తల ఊపి ఏదో రాసుకుంది. తరవాత ఇంగ్లీషులో, "దరఖాస్తు తీసుకుంటున్నాను. జవాబు బుడాపెస్ట్ నుంచి రావాలి. మాట్లాడటం విషయంలో మాత్రం నాకు అనుమానం లేదు" అంది.

వంటగదిలోంచి పిండి చేతులతో వచ్చిన ఎర్జీ నేని హెలెన్‌ని కౌగిలించుకుని నల్లకోటు నిండా మైదా చేసింది. హెలెన్ మూడు లాంగోష్‌లు తింది. అక్కడి పిల్లలు నన్ను అనా నేని అని పిలిచారు, నేనూ కృష్ణాజిల్లా దాన్నైపోయాను. సాయంత్రానికి హాల్లో ఎవరు ఎవరిని 'ఎక్కడుంటావు?' అని అడిగినా జవాబు ఒకటే. "హెర్న్‌డన్ గుర్రం మీద!"

మావారికి ఫోన్ చేసి చెప్తే, "నీ లైబ్రరీ చదువుకి పాపం ఆవిడ గుర్రమెక్కాల్సొచ్చిందన్నమాట" అన్నారు. నేనేం బాధపడలేదు. గెలిచినవాళ్ళని అందరూ ఏడిపిస్తారు.

ఎవరెవరికి రుణపడ్డానంటే

వాళ్ళూ మనమూ ఇంటిపేరే ముందు రాస్తాం. అమెరికా ఫారాల్లో ఇద్దరికీ అదే అవస్థ, ఇంటిపేరుతో పలకరిస్తారు. ఇక్కడ మాత్రం అందరినీ సరైన వరసలో తలుచుకుంటాను.

తోత్ ఎర్జెబెత్, అంటే మన ఎర్జీ నేనికి, కోడికూరకీ నా గర్వం దించిన ఆ మిరపకాయకీ. పిట్స్‌బర్గ్ కాంటీన్‌లో గుండు శ్యామలగారికి, ఆకలి సంగతి మాకన్నా ముందు కనిపెట్టిన మనవరాలికి. ఆవిడిచ్చిన చింతపండుతో హెలెన్ ఇప్పుడు పులిహోర చేస్తోంది, అందులో ఎర్రకారం మీగడ వేస్తుంది, నేను చూడనట్టు నటిస్తాను. మా లైబ్రరీలో హంగేరియన్ వ్యాకరణాలని ఎక్కడెక్కడి ఊళ్ళనుంచో తెప్పించి, ఎందుకు అని ఒక్కసారి కూడా అడగని మిల్లర్ డోనాకి. ఎగతాళి చేస్తూనే మూడు రోజులు తన వంట తానే చేసుకున్న మావారు పసుపులేటి రామారావుగారికి.

బుడాపెస్ట్ నుంచి జవాబు వసంతంలో వచ్చింది. ప్రమాణం వాషింగ్టన్‌లో. నేనూ వెళ్ళాను. నిరుడు వెళ్ళనన్న ఆ భవనంలోకే హెలెన్ కొత్త బూట్లు వేసుకుని నడిచింది. దరఖాస్తులో తన పేరు నాయనమ్మ వాళ్ళు రాసినట్టే, హంగేరియన్‌లో ఇంటిపేరు ముందు పెట్టి రాయమని అడిగింది. దాన్నే అధికారి నిలబడి గట్టిగా చదివాడు. "సాబో ఇలోనా!"

ఎవరూ లేవలేదు. ఆయన మళ్ళీ పిలిచాడు. హెలెన్ అటూ ఇటూ చూసి, పాపం ఎవరో ఆలస్యమైనట్టున్నారు అన్నట్టు నా వైపు జాలిగా తిరిగింది.

నేను మోచేత్తో పొడిచాను. "లే ఇలోనా. నిన్నే పిలుస్తున్నారు."